మా ఊలే అడగాల్సిన ప్రశ్న

మన సంఘం కుర్రోళ్ళు మొన్న ఇంటికొచ్చి, "అమ్మమ్మా, పెద్దోళ్ళందరి ఉద్యోగం కబుర్లూ పుస్తకంగా వేస్తన్నాం, నీది కూడా రాసీ" అన్నారు. నా పనిని ఉద్యోగం అన్న మొదటి మనుషులు వీళ్ళే. మా అల్లుడు బ్యాంకులో చేసేది ఉద్యోగం. నాది మినుముల్లో రాళ్ళు ఏరే పని. చేరినప్పుడు ఏరేదాన్ని, మానేసేనాటికి ఏరేవాళ్ళ మీద మేస్త్రీని. మేస్త్రీ అయ్యాక రాళ్ళు ఏరక్కర్లేదు, మనుషుల్ని ఏరాలి. రాళ్ళే నయం.

ఇంట్లో మాటాడినట్టు రాస్తే ఎవరికీ అర్థం కాదని మా కూతురు భయపడింది. అందుకని కొంచెం సర్ది రాస్తున్నాను. కోపం వచ్చినచోట మాత్రం నా మాట నాదే.

రాళ్ళ గురించి రాయను. అవి ఏరడం ఇప్పుడు మిషన్లకి తెలుసు. నేను రాసేది మా యజమాని గురించి. ఇక్కడ లత పేటలో మినుములు, కందులు, పెసలు ఎగుమతి చేసుకునే మనిషి పార్లమెంటు మెంబరు ఎలా అయ్యాడో, మా పెద్దమ్మకి అక్కడ ఒక ప్రశ్న అడుగుతానని మాటిచ్చి ఏం చేశాడో, అదే రాస్తాను. ఆయన మీద మీరు టీ కొట్లలో విన్న వేళాకోళం వేరు, నేను చూసింది వేరు.

ఇండియాలో ఉన్న చుట్టాలు కూడా చదువుతారంట కాబట్టి చెప్తున్నాను, ఊలే అంటే బర్మా మాటలో చిన్నాన్న. యజమాని మంచివాడైతే అలాగే పిలుస్తాం. చెడ్డవాడైనా అలాగే పిలుస్తాం గానీ, పిలిచేటప్పుడు మొహం వేరేగా ఉంటుంది. మా ఊలే బర్మావాడే, కానీ వాళ్ళ నాన్న గోడౌన్‌లో మనోళ్ళ మధ్య పెరిగాడు. మన మాట బాగానే వచ్చు. శ్రీకాకుళం యాస బర్మా గొంతులో వింటే నవ్వొచ్చేది. నన్ను పేరుతో పిలిచేవాడు కాదు, "మేస్త్రీ" అనేవాడు.

ఆయన వ్యాపారం చేసే తీరు ముందు చెప్పాలి. అది తెలియకపోతే తర్వాతది అర్థం కాదు. పల్లెల నుంచి సరుకు అమ్మేవాడు వస్తాడు. పళ్ళెంలో మచ్చు పోస్తాడు. ఊలే ఓ గింజ నోట్లో వేసుకుని కొరికి చూసి, ధర అడుగుతాడు. అవతలివాడు ఏదో చెప్తాడు. ఇక అక్కడి నుంచి మా ఊలే నోరు విప్పడు. ఎక్కువంటాడా, అనడు. తగ్గించమంటాడా, అనడు. వాడి మొహంలోకి దిగులుగా, దగ్గరి బంధువుకి జ్వరం వచ్చినట్టు చూస్తూ కూర్చుంటాడు. పైన ఫ్యాను తిరుగుతుంటుంది. గ్లాసులో టీ చల్లారి మీగడ కడుతుంది. చివరికి అవతలివాడే దగ్గి, "పోనీలెండి ఊలే, కొంచెం తగ్గిస్తాను" అంటాడు. అయినా ఈయన చూస్తూనే ఉంటాడు. వాడు మళ్ళీ తగ్గిస్తాడు. ముందు మాటాడినోడిదే ఓటమి, ఇదీ వాళ్ళ నాన్న నేర్పిన విద్య. ఒక్కడు గూడా ఆ చూపు ముందు నిలబడగా నేను చూళ్ళేదు.

అలాంటి మనిషి పార్లమెంటుకి ఎందుకెళ్ళాడంటారా. మొహమాటం. బర్మాలో ఆనాదే అంటారు, మనకంటే వాళ్ళకి ఓ పిడికెడు ఎక్కువే. దేశంలో ఓట్లు వచ్చిన కాలం అది. పేటలో పెద్దలు నలుగురూ కలిసి, ఎవరిని నిలబెట్టాలా అని తిరిగారు. డాక్టరు వద్దన్నాడు, బడి నడిపే ఆవిడ వద్దంది. వీళ్ళొచ్చి మా ఊలే ముందు కూర్చున్నారు. ఈయన అలవాటు ప్రకారం మాటాడకుండా దిగులుగా చూశాడు. వాళ్ళేమో ఒప్పుకున్నాడనుకుని దండం పెట్టి వెళ్ళిపోయారు. తర్వాత కాదని చెప్పడానికి ఈయనకి మొహమాటం.

ప్రచారానికి పికప్ మీద మైకు కట్టుకుని తిరిగారు. మేమూ వెనకాల వెళ్ళాం. తక్కినవాళ్ళు వంతెనలు కడతాం, కరెంటు ఇస్తాం అని గొంతు చించుకునేవారు. మా ఊలే మైకు పట్టుకుని, "నేను మినుముల వ్యాపారిని. మీకు తెలుసు కదా. ఓటెయ్యండి" అనేవాడు. అంతే. జనం ఆయనకే వేశారు. ఏమీ చెప్పనోడు అబద్ధం మాత్రం చెప్పలేదు కదా అనుకున్నారు.

పిల్లలూ, ఆ రోజు గురించి మీకెలా చెప్పాలో తెలీడం లేదు. తెల్లారకముందే లైన్లో నిలబడ్డాం. చిటికెన వేలికి సిరా ముంచుకుని వచ్చి, గోడౌన్‌లో మినుములు ఏరుతూ ఒకళ్ళ వేలు ఒకళ్ళకి చూపించుకున్నాం. ఆ సిరా పోకూడదని నేను కొన్నాళ్ళు ఆ వేలు సబ్బుకి తగలనివ్వలేదు. ఇప్పుడు తలుచుకుంటే పిచ్చి అనిపిస్తుంది. ఆ పిచ్చి మళ్ళీ పడితే బాగుండును అని కూడా అనిపిస్తుంది.

ఇక మా పెద్దమ్మ. నాకు సొంత పెద్దమ్మ కాదు, గోడౌన్‌కంతటికీ పెద్దమ్మ. మా ఊలే నాన్న కాలం నుంచి రాళ్ళు ఏరుతోంది. ఊలే చిన్నప్పుడు అలిగితే ఆవిడే గంజన్నం కలిపి తినిపించేదట. అందుకే ఆయన మెంబరైనా, కోటీశ్వరుడైనా, ఆవిడకి "బాబూ"యే. నువ్వే. గెలిచాక సభకి వెళ్ళేముందు పట్టు గౌంగ్‌బౌంగ్ పెట్టుకుని, ఆ తలపాగా లేకుండా మగవాళ్ళని లోపలికి రానివ్వరంట, దండం పెట్టించుకోవడానికి కాదు, దండం పెట్టడానికి ఆవిడ దగ్గరికొచ్చాడు. పెద్దమ్మ ఎగాదిగా చూసింది.

"పెళ్ళికొడుకులా ఉన్నావు బాబూ. పెళ్ళికూతురేది?"

"నేపీడాలో ఉందమ్మా. పెద్ద భవనం" అన్నాడు.

"అయితే కట్నం తెచ్చీ" అంది, చేట దులుపుకుంటూ.

కట్నం మాట సరదాకి అంది గానీ, కొన్నాళ్ళకి నిజంగానే ఒకటి అడిగింది. మా గోడౌన్ వెనక నది ఒడ్డున పాత ఇటుక మెట్లు ఉండేవి. మన తాతలు ఓడల్లో వచ్చి దిగింది ఆ మెట్ల మీదే అంటారు. నిజమో కాదో, రేవులో మూటలు మోసిన మనోళ్ళందరూ వాటినే తమ మెట్లు అనుకున్నారు. అమ్మవారి సంబరంలో ఘటాలు అక్కడే నీళ్ళలో దించేవాళ్ళం. మనిషి పోతే బొమికలు అక్కడే కలిపేవాళ్ళం. ఒక రోజు కొలత టేపులు పట్టుకుని మనుషులొచ్చారు. ఇక్కడ కొత్త జెట్టీ వస్తుంది, మెట్లకి అడ్డంగా కంచె వేస్తాం అని చెప్పి వెళ్ళారు.

ఆ శనివారం ఊలే రాజధాని నేపీడా నుంచి వచ్చి కొట్లో కూర్చున్నాడు. శనివారాలు జనం కష్టాలు చెప్పుకోవడానికి వచ్చేవారు. వాళ్ళని వరసలో కూర్చోబెట్టడం నా పని. కాలవ నిండిందని ఒకడు, పక్కింటివాడి కోడిపుంజు అరుస్తోందని ఒకడు. ఆ వరసలో చివర పెద్దమ్మ కూర్చుంది. పక్కనే గోడౌన్‌లో ఉన్న మనిషి, ఎప్పుడైనా వచ్చి చెప్పొచ్చు, వరసలోనే కూర్చుంది. తన వంతు వచ్చాక లేచి నిలబడింది.

"బాబూ, నా పెనిమిటిని ఆ మెట్ల కాడే కలిపినాం. నా పెద్దకొడుకుని ఆ మెట్ల కాడే కలిపినాం. ఇప్పుడు కంచె యేసేస్తే నాను ఇంకో కాడికి ఎలగెల్తాను? నాకు దారి తెల్దు."

ఊలే ఏమీ అనలేదు. అలవాటు.

"నాకాడ ఆ సూపు సూడకు. నాను సరుకు అమ్మడానికి రానేదు. అడుగుతావా, అడగవా?"

"అడుగుతానమ్మా" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. చేతిలో చెయ్యేసి చెప్పాడు.

మీరు అనుకోవచ్చు, మెట్లే కదా అని. పెద్దమ్మకి అది మెట్ల సంగతి కాదు. బతికుండగా మొగుడు, పెద్దకొడుకు దక్కలేదు. పోయాకైనా వాళ్ళ దగ్గరికి చేరాలి. ఆవిడకి ఈ లోకంలో మిగిలిన ఆశ అదొక్కటే, ఆ ఆశ తీసుకెళ్ళి ఊలే చేతిలో పెట్టింది.

ఆయన ప్రశ్నకి రోజు వచ్చింది. టీవీలో చూపిస్తారన్నారు. ఆ రోజు పని ఆపేశాం. కరెంటు పోతుందేమోనని జనరేటరు కూడా సిద్ధం చేసి, కొట్లో టీవీ ముందు మూటల మీద, నేల మీద సర్దుకుని కూర్చున్నాం. పెద్దమ్మ స్నానం చేసి, ఉతికిన కోక కట్టుకుని వచ్చింది. మా ఊలే లేచాడు. ప్రశ్న చక్కగానే చదివాడు. ఉపమంత్రి లేచి, అభివృద్ధి అనీ, భద్రత అనీ, జనానికి ఇబ్బంది లేకుండా చూస్తాం అనీ అదేదో చెప్పి కూర్చున్నాడు. మెట్లు ఉంచుతారా మూస్తారా అన్నది మాత్రం చెప్పలేదు. సభాపతి మా ఊలే వైపు తిరిగి, "గౌరవ సభ్యులు ఇంకేమైనా అడుగుతారా?" అన్నారు.

ఊలే లేచి నిలబడ్డాడు. ఉపమంత్రి మొహంలోకి చూశాడు. దిగులుగా. నోరు విప్పలేదు.

దేశంలో ఆ టీవీ చూసినవాళ్ళందరూ ఏమనుకున్నారో నాకు తెలుసు. పాపం, మర్చిపోయాడు, భయపడ్డాడు, మూగవాడు అనుకున్నారు. మా కొట్లో మాత్రం ఆడవాళ్ళందరూ మూటల మీంచి ముందుకు జరిగారు. ఆ చూపు మాకు తెలుసు కదా. "బేరం పెట్టినాడే" అంది ఒకతె. "ఆగండి, ఇప్పుడు దగ్గుతాడు సూడండి, దిగొస్తాడు" అంది ఇంకొకతె. నేను కూడా చేతులు నలుపుకుంటూ ఉపమంత్రి ఎప్పుడు తగ్గిస్తాడా అని చూస్తున్నాను. మాకు నవ్వాగడం లేదు. పెద్దమ్మ ఒక్కతే నవ్వలేదు.

సభాపతి కాసేపు చూశారు. మౌనం అర్ధాంగీకారం అని ఆయనకి ఎవరు నేర్పారో. "గౌరవ సభ్యులకు ధన్యవాదాలు. తర్వాతి ప్రశ్న" అన్నారు. ఇంకెవరో లేచి ఎరువుల గురించి అడగడం మొదలుపెట్టారు. మా ఊలే ఇంకా నిలబడే ఉన్నాడు. పక్కనున్నాయన చొక్కా పట్టుకుని లాగితే కూర్చున్నాడు.

టీవీ ఎవరు ఆపారో గుర్తులేదు. పెద్దమ్మ లేచి గోడౌన్‌లోకి వెళ్ళి, చేట తీసుకుని ఏరడానికి కూర్చుంది. ఉతికిన కోకతోనే.

తర్వాత ఊలే చాన్నాళ్ళు కొట్టుకి రాలేదు. టీ కొట్లలో "మూగ మెంబరు" అని పేరు పెట్టేశారు. నాకు ఒళ్ళు మండి ఒకడితో గొడవ కూడా పెట్టుకున్నాను. మీ మెంబరు మాటాడి ఏటి పీకినాడురా అన్నాను.

ఊలే వచ్చిన రోజు సరాసరి గోడౌన్‌లోకి వచ్చాడు. పెద్దమ్మ ముందు, ఆవిడ ఏరిపారేసిన రాళ్ళ కుప్ప పక్కన, నేలమీద కూర్చున్నాడు. లుంగీకి దుమ్ము అంటుకుంటుందని కూడా చూసుకోలేదు.

"అమ్మా, సరుకు అమ్ముకోవాల్సినోడి కాడే మౌనం పని చేస్తాది. ఆ ఉపమంత్రి కాడ అమ్మాల్సింది ఏటీ నేదు. నాకు అక్కడ నిలబడ్డాక గానీ తెల్లేదు" అన్నాడు.

పెద్దమ్మ తలెత్తలేదు. "తిన్నావేటి?" అంది.

"లేదు."

"ముందు తిను."

గిన్నెలోంచి అన్నం తీసి పెట్టింది. ఆయన తిన్నాడు. తింటూ ఏడ్చాడు. మేము చూడనట్టు చేటలు చెరుగుతూ కూర్చున్నాం. తిన్నాక పెద్దమ్మ, "అడగందే అమ్మైనా పెట్టదంటారు. నాను అడక్కుండానే పెట్టినాను, అది ఏరే సంగతి. ఆళ్ళు నీ అమ్మలేటి? అడగడం నేర్సుకో" అంది.

అలా మొదలైంది. నా ఉద్యోగం మొత్తంలో నేను దాచుకోదగ్గ రోజులేవైనా ఉంటే, అవే. శనివారం జనం వెళ్ళిపోయాక, సాయంత్రంపూట గోడౌన్‌లో సభ పెట్టేవాళ్ళం. పెద్దమ్మ సభాపతి. ఎత్తుగా వేసిన మూటల మీద కూర్చుని, ఖాళీ పాలడబ్బా తలకిందులు చేసి కర్రతో కొట్టేది. నేను ఉపమంత్రిని. ఎందుకంటే నా నోటికి జడిసి ఎవరూ దగ్గరికి రారు కాబట్టి. మిగతా ఆడవాళ్ళు సభ్యులు. ఊలే లేచి బర్మా మాటలో ప్రశ్న అడిగేవాడు. నేను టీవీలో విన్నట్టే, "పరిశీలనలో ఉంది, అభివృద్ధికి అవసరం, తగిన సమయంలో చూస్తాం" అని కాలు మీద కాలేసుకుని చెప్పేదాన్ని. ఆయన వెంటనే మళ్ళీ అడగాలి. అడక్కుండా ఆగి చూశాడో, సభ్యులందరూ తలో మినపగింజ తీసి ఆయన మీదకి విసరాలి. అదీ చట్టం.

మొదట్లో మినుములు వానలా కురిసేవి. ఇంటికెళ్ళి గౌంగ్‌బౌంగ్ విప్పితే మడతల్లోంచి గింజలు రాలాయని వాళ్ళావిడ నన్ను నిలదీసింది. ఎగుమతి సరుకు, మేస్త్రీవి నువ్వే పారబోయిస్తావా అంది.

"తగిన సమయం అంటే ఎప్పుడండీ?" అనడం నేర్చుకున్నాడు ముందు. తర్వాత, "మీరు చెప్పినది జవాబు కాదండీ" అనడం నేర్చుకున్నాడు. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమయ్యిందో. అనేసి, వెంటనే నాకు దండం పెట్టేసేవాడు, మేస్త్రీ ఏమనుకోకు అని. "మంత్రికి దండం పెట్టకు బాబూ, తల దించితే మాట కూడా దిగిపోతాది" అని పైనుంచి డబ్బా మోగేది.

నేను కూడా ఆటలో పడిపోయేదాన్ని. ఒకసారి పొగరు మరీ ఎక్కువై, "ఆ మెట్లు పాడుబడ్డాయి, వాటి వల్ల ఎవరికీ ఉపయోగం లేదు" అన్నాను. ఊలే మొహం ఎర్రబడింది. "మా అమ్మకి ఉంది" అన్నాడు. తెలుగులో అన్నాడు. ఎవరమూ నవ్వలేదు, గింజ విసరలేదు. పెద్దమ్మ డబ్బా కొట్టడం మర్చిపోయింది.

ఇలా ఎన్ని శనివారాలు గడిచాయో. సభ జరిగినప్పుడల్లా ప్రశ్న వేస్తానని పేరిచ్చేవాడు, వంతు వచ్చేది కాదు. ఒకసారి తీసిన ప్రశ్న మళ్ళీ ఎందుకు అనేవారట. జెట్టీ పని కూడా ఏ కారణానో ఆగింది కాబట్టి మేమూ ఓపిక పట్టాం. మళ్ళీ ఓట్లు వచ్చాయి. మళ్ళీ సిరా. ఈసారి మైకు పట్టుకుని మా ఊలే బోలెడు మాటాడాడు, జనం ఆశ్చర్యపోయారు. గెలిచాడు. కొత్త సభ కూర్చోగానే అడగమని సభలో పెద్దలు ఒప్పుకున్నారని చెప్పాడు. వెళ్ళేముందు గోడౌన్‌లో ఆఖరిసారి సభ పెట్టాం. నేను ఎన్ని మాటలు తిప్పినా ఒక్కచోట ఆగలేదు. ఒక్క గింజ పడలేదు.

"ఇంక ఎల్లు బాబూ" అంది పెద్దమ్మ. "ఇప్పుడు నీకు వచ్చీసింది."

ఆయన వెళ్ళాడు. సభ కూర్చోలేదు.

ఎందుకు కూర్చోలేదో మీకు తెలుసు. దేశం మళ్ళీ తుపాకులోళ్ళ చేతుల్లోకి వెళ్ళిపోయింది. ఫోన్లు ఆగిపోయాయి. మెంబర్లందరినీ దిగిన బసలోనే ఆపి, తర్వాత ఇళ్ళకి పంపేశారు. మా ఊలే బస్సు దిగి కొట్టుకి వచ్చేసరికి, మేము రాత్రిళ్ళు నిరసనగా గిన్నెలు వాయించి చేతులు వాచిపోయి ఉన్నాం. ఆయన గౌంగ్‌బౌంగ్ తీసి పెద్దమ్మ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ దాన్ని పసిపిల్లని నిమిరినట్టు నిమిరింది. ఆ రోజు ఆయన ఏమీ మాటాడకపోయినా మాకెవరికీ కోపం రాలేదు.

నాకు మాత్రం ఇప్పటికీ ఆగదు. ఒక మనిషి వ్యాపారం, పరువు పక్కన పెట్టి, ఆడకూలీల చేత గింజలతో కొట్టించుకుని నేర్చుకున్నాడే. ఆ ప్రశ్న కోసం ఎంత చక్కగా తయారయ్యాడే. అడగనిచ్చి కాదనచ్చు కదా. కాదనిపించుకునే అదృష్టం కూడా లేకుండా చేసేశారు.

కంచె వేసేశారు. ఇనప రేకులు, పైన ముళ్ళ తీగ. గేటుకి కాపలా.

తర్వాతి వానాకాలంలో పెద్దమ్మ పోయింది. ముసలితనం, ఆయాసం. చివరి రోజుల్లో మెట్ల మాట ఎత్తేది కాదు. ఎత్తితే ఊలేకి బాధ అని నాతో ఒకసారి అంది. దహనం అయ్యాక కుండ తీసుకుని మనోళ్ళు గేటు దగ్గరికెళ్ళారు. ఊలే కాపలావాడిని అడిగాడు. చాలాసేపు అడిగాడు, ఎక్కడా ఆగకుండా అడిగాడు. వాడు చిన్నవాడు, ఊరవతల లైంగ్‌థార్యార్ నుంచి వచ్చి చేస్తున్నాడట. కళ్ళనీళ్ళు పెట్టుకుని, "ఊలే, గేటు తీస్తే నా పని పోతుంది. ఇంట్లో తినేవాళ్ళు చాలామంది" అన్నాడు. ఊలే వాడి భుజం తట్టి వెనక్కి వచ్చేశాడు. కూటి కోసం పని చేసేవాడిని ఏమంటాం.

అప్పుడు ఊలేయే అన్నాడు, కంచె నేల వైపే వేశారు, నది వైపు ఎవరూ వేయలేదు అని. సరుకు పడవలు నడిపి ఆయనకి ఈ నది ఆటుపోట్లు తెలుసు. పక్క రేవులో సంపాన్ పడవ మాటాడి, పోటు ఎక్కే వేళకి మమ్మల్ని ఎక్కించాడు. ఆయన, నేను, పెద్దమ్మ చిన్నకొడుకు, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. పడవవాడు తెడ్డుతో ఎదురు పట్టి మెట్లకి ఎదురుగా ఆపాడు. నీళ్ళు పైకి వస్తున్నాయి, అడుగు మెట్లు అప్పటికే మునిగాయి. కొడుకు కుండ వంచాడు. బూడిద కాసేపు పడవ పక్కనే తిరిగింది. తర్వాత పోటుతో పాటు మెట్లెక్కి, కంచె కింద నుంచి లోపలికి వెళ్ళింది. మేమందరం చూశాం. పోటుకి ఎవరి సెలవు కావాలి. పెద్దమ్మకి దారి దొరికింది అని నేను పైకే అనేశాను. ఊలే తల తిప్పుకున్నాడు.

ఆ తర్వాత వ్యాపారం కూడా సాగలేదు. డాలరు గోల, లైసెన్సుల గోల. మా ఆడవాళ్ళు ఒక్కొక్కళ్ళే లైంగ్‌థార్యార్ బట్టల ఫ్యాక్టరీలకి వెళ్ళిపోయారు. రాళ్ళు ఏరిన వేళ్ళతో గుండీలు కుడుతున్నారు. గోడౌన్ అమ్మేసి, ఊలే మౌల్మేన్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నానని కబురు పెట్టాడు. నేను అప్పటికే సంచౌంగ్‌లో కూతురి దగ్గర ఉంటున్నాను. బస్సెక్కి వెళ్ళాను.

గోడౌన్‌లో ఏమీ లేదు. మూటలు లేకపోతే అంత పెద్దదా అది అనిపించింది. ఒక మాట అంటే గోడలకి తగిలి తిరిగొస్తోంది. ఇద్దరం కాసేపు వాళ్ళూ వీళ్ళూ ఎలా ఉన్నారని చెప్పుకున్నాం. ఆయన బాగా చిక్కిపోయాడు. ఇంక లేద్దామనుకుంటుంటే, "మేస్త్రీ, ఒక్కసారి పూర్తిగా అడుగుతాను. కూర్చుంటావా?" అన్నాడు.

కాదంటానా. గుమ్మం దగ్గరున్న చెక్కపెట్టె మీద కూర్చున్నాను. ఆయన లుంగీ సర్దుకుని నిలబడి, "గౌరవనీయులైన సభాపతి గారూ" అని మొదలుపెట్టాడు. మెట్లు ఎవరు కట్టారో చెప్పాడు. ఎవరెవరు వాటి మీద దిగారో చెప్పాడు. ఎవరెవరిని అక్కడ కలిపారో చెప్పాడు. ఆ జాబితాలో ఈసారి పెద్దమ్మ కూడా ఉంది. మీరిచ్చేది తగిన సమయం అనే జవాబైతే అది జవాబు కాదు అని ముందే చెప్పాడు. ఆ మెట్లు తెరిచి ఉంచుతారా లేదా, ఈ సభలో ఇప్పుడే చెప్పాలి అన్నాడు. మాట ఎక్కడా తడబడలేదు, కళ్ళు ఎక్కడా దించలేదు. ఆయన్ని మూగ మెంబరు అన్న ప్రతివాడినీ ఆ గుమ్మంలో నిలబెట్టి వినిపించాలనిపించింది. వినడానికి నేనొక్కదాన్నే ఉన్నాను.

నా వంతు వచ్చింది. అన్ని శనివారాలూ చెప్పిన జవాబు నాకు నోటికొచ్చు. పరిశీలనలో ఉంది, అభివృద్ధికి అవసరం. అది చెప్తే ఆయన మళ్ళీ అడుగుతాడు, ఆట సాగుతుంది.

లేచి నిలబడి, "గౌరవ సభ్యులు అడిగింది న్యాయం" అన్నాను. "కంచె రేపే తీయించేస్తాం. మెట్లు ఎవరివో వాళ్ళకే ఉంటాయి."

ఆ మాట చెప్పే అధికారం నాకెవరూ ఇవ్వలేదు. కానీ అంత చక్కగా అడిగిన మనిషికి ఎవరో ఒకరు ఆ జవాబు చెప్పాలి కదా. ఊలే నన్ను చూశాడు. సభకి దండం పెట్టాడు. "ధన్యవాదాలండీ, ఇంకేమీ అడగను" అని, కూర్చోవడానికి అక్కడ ఏమీ లేక, నేలమీదే కూర్చున్నాడు.